చల్లని రేకులు

కంప్యూటర్ మూత తీశాక మా ఆయన ముందు స్క్రూడ్రైవర్ పట్టుకునేవారు కాదు. చూపుడువేలు మడిచి, దాని వెనకవైపు చర్మాన్ని లోపల నాలుగైదు చోట్ల ఆనించి చూసేవారు, పసివాడి నుదురు తాకి జ్వరం చూసినట్టు. పని చేసే చేతి వేలికొనలు మొద్దుబారిపోతాయనీ, వెనక చర్మం మాత్రం అబద్ధం చెప్పదనీ అనేవారు. అలా చూడటం నాకూ నేర్పారు. పెళ్లయిన కొత్తలో దుకాణంలో సాయానికి కూర్చున్న నేను, అంగుళం కుంచెతో దుమ్ము దులపడంతో మొదలుపెట్టి, లోపల ఏ లోహపు రేకు ఎంత వేడెక్కాలో కళ్లు మూసుకుని చెప్పగలిగేదాకా వచ్చాను.

దుకాణం అంటే తాళంచెవులు చేసేవాడి కొట్టు పక్కన, మెట్లకింద ఉన్న గది. నిటారుగా నిలబడాలంటే తలుపు దగ్గరే నిలబడాలి. లోపలికి వెళ్లేకొద్దీ కప్పు కిందికి దిగుతుంది కాబట్టి వచ్చినవాళ్లందరూ ఆయనకి వంగి నమస్కారం పెడుతున్నట్టే ఉండేది. గోడ అరలో కోడిగుడ్ల అట్ట ఒకటి, దాని గుంటల్లో పాత ప్రాసెసర్లు. వాటికి అడుగున వందలకొద్దీ సన్నని కాళ్లుండేవి. ఒక్క కాలు వంగినా కంప్యూటర్ మొదలయ్యేది కాదు. ములికి తీసేసిన నొక్కుడు పెన్సిల్ సన్నని గొట్టాన్ని ఆ కాలికి తొడిగి, ఊపిరి బిగబట్టి, ఆయన దాన్ని నిలబెట్టేవారు. తరవాత వచ్చిన వాటిలో చాలావాటికి కాళ్లు లేవు. నున్నటి అడుగు మీద బంగారు చుక్కలు, అంతే. మొదటిసారి అలాంటిది చేతికొచ్చినప్పుడు ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "నడవడం రానిదానికి ఇంత పేరేమిటి" అన్నారు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

ఆ కొత్తవాటిని అమ్మేది మా చెల్లెలి భర్త. పెళ్లయి పదకొండేళ్లు దాటినా మా పుట్టింట్లో అతన్ని కొత్తల్లుడనే పిలిచేవారు. అల్లుళ్లు ఇద్దరే కాబట్టి మా ఆయన పాతల్లుడు అయ్యారు. అతనికి పెద్ద రోడ్డు మీద అద్దాల షాపు, నవ్వే ముఖం, ఎవరితోనైనా రెండు నిమిషాల్లో కలిసిపోయే నోరు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే మాకు ఇంత కష్టమయ్యేది కాదు.

మాకు అని ఎందుకంటున్నానంటే, కుళ్లు ఆయన ఒక్కరిదే కాదు. చిన్నప్పుడు నాకూ చెల్లికీ ఒకేరోజు ఒకేరకం నోటుపుస్తకాలు కొనేవారు. నెల తిరిగేసరికి నా పుస్తకం అట్ట ఊడిపోయేది, దానిది అలాగే ఉండేది. పెద్దయ్యాక కూడా అంతే. దాని వంటింటి గట్టు మీద ఒక్క మరక ఉండదు. నేను వెళ్లినప్పుడల్లా ముందు ఆ గట్టు వైపు చూసేదాన్ని, ఈసారైనా కనబడుతుందేమోనని.

ఒక ఆదివారం నాన్నగారింట్లో భోజనాల దగ్గర పాతదా, కొత్తదా అన్న మాటొచ్చింది.

"నాదీ నాలుగు గిగాహెర్ట్జే, నీదీ నాలుగు గిగాహెర్ట్జే. తొమ్మిదేళ్లలో అంకె మారనిదానికి కొత్తదని పేరెందుకు పెట్టారో చెప్పు తమ్ముడూ" అన్నారు ఈయన.

"అంకె ఒకటే అన్నయ్యా. బావి దగ్గర ఇద్దరూ సెకనుకి అన్నేసిసార్లే చేద వేస్తున్నారు. మీ చేద చిన్నది, దీనిది పెద్దది. పైగా మీకు తోడేవాళ్లు నలుగురు, దీనికి పన్నెండుమంది."

"పన్నెండుమంది ఒకచోట చేరితే పని కాదు, పంచాయితీ అవుతుంది."

నాన్న కూడా నవ్వారు. కొత్తల్లుడు అందరికన్నా గట్టిగా నవ్వాడు. అతను చెప్పింది నిజమని ఆయనకి తెలుసు. దారిలో ఇంటికి వస్తూ, "చేద సంగతి బాగా చెప్పాడు. నాకెందుకు తోచలేదో" అన్నారు. ఆయనకి కోపం ప్రాసెసర్ మీద కాదు, ఆ పోలిక మీద.

ఇళ్ల నమూనాలు గీసే ఆఫీసొకటి ఉండేది. దాన్ని నడిపే ఆవిడ పొడుగ్గా, కళ్లజోడు తలమీదకి తోసుకుని తిరిగేది. అక్కడి పదకొండు కంప్యూటర్లూ ఈయన చేత్తో కూర్చినవే. మూడు నెలలకోసారి వెళ్లి దుమ్ము దులిపి, ప్రాసెసర్ వేడిని పైరేకులకి అందించే పేస్టు ఎండితే తుడిచి కొత్తది రాసి వచ్చేవారు. ఊరంతా ఆయన్ని రిపేరాయన అనేది. అక్కడ మాత్రం ఆవిడ దగ్గర్నుంచి తలుపు తీసే మనిషిదాకా "డాక్టరు గారూ" అనేవారు. ఆ పిలుపు కోసం ఆయన ముందురోజే చొక్కా ఇస్త్రీ చేయించుకునేవారు.

అలాంటి చోటికి కొత్తల్లుడు వెళ్లాడు. పదకొండూ తీసేసి కొత్తవి పెట్టిస్తే, గీసిన ఇంటిని ఫొటోలా తయారుచేసే పని పావువంతు సమయంలో అవుతుందన్నాడు. ఆవిడ ఇద్దర్నీ పిలిచింది. ఒకే బొమ్మ, గాజు తలుపులూ మెట్ల నీడలూ ఉన్న పెద్ద హాలుది. పాత కంప్యూటర్ ఒకటి, కొత్తది ఒకటి. ఏది ముందు పూర్తిచేస్తే అది.

"ఒకే ఇంటి అల్లుళ్లట కదా. నా ఆఫీసులో మాత్రం తన్నుకోకండి" అంది.

ఆ పదకొండూ పోతే ఆ పిలుపూ పోతుంది. ఆయన రాత్రంతా పాత కంప్యూటర్‌కి స్నానం చేయించినట్టు శుభ్రం చేశారు. పొద్దున నేనూ వెంట వెళ్లాను.

కొత్తల్లుడు తన కంప్యూటర్‌ని స్వయంగా బిగించుకుని తెచ్చాడు. మామూలుగా అతని షాపులో ఆ పని ఇంకొకరు చేస్తారు. ఇది తోడల్లుడి ముందు పెట్టేది కాబట్టి తన చేత్తోనే చేయాలనుకున్నాడట. రెండింటి పక్కమూతలూ తీసే ఉంచారు. బొమ్మ మొదలైంది. రెండు నిమిషాలకే కొత్తదాని ఫ్యాన్ అరవడం మొదలుపెట్టింది. కొత్తల్లుడి నవ్వు కొంచెం సన్నబడింది. ఈయన లేచి వెళ్లి, చూడటానికన్నట్టు వంగి, మడిచిన వేలిని ప్రాసెసర్ పైనున్న కూలర్ రేకులకి ఆనించారు. తీసేశారు. వచ్చి కూర్చున్నారు.

ఆ ముఖం చూసి నాకు అనుమానం వచ్చింది. మంచినీళ్లు తెచ్చే నెపంతో అటు వెళ్లి నేనూ వేలు ఆనించాను. రేకులు చల్లగా ఉన్నాయి.

అంత అరుపుకి అవి కాలిపోవాలి. చల్లగా ఉన్నాయంటే కింద ప్రాసెసర్ వేడి పైకి రావడంలేదు. మధ్యలో ఏదో అడ్డుంది. అదేమిటో చెప్పడానికి కూలర్ విప్పక్కర్లేదు. కొత్త కూలర్ అడుగున గీతలు పడకుండా పల్చటి ప్లాస్టిక్ పొర అంటించి పంపుతారు. పీకేసి బిగించాలి. ఎప్పుడూ తన చేత్తో చేయనివాడు మరిచిపోతాడు. వేడి తట్టుకోలేని ప్రాసెసర్ తనని తాను కాపాడుకోవడానికి నెమ్మదిస్తుంది. పరుగుపందేనికి వచ్చినవాడి మూతికి గుడ్డ కట్టినట్టే.

ఒక్కమాట చాలు. "తమ్ముడూ, ఆపు, కూలర్ తీసి చూడు." ఆయన అనలేదు. నేనూ అనలేదు. నా కళ్లముందు చెల్లి వంటింట్లో మరక లేని గట్టు మెదిలింది. దాని మీద ఏదో ఒలికినట్టు ఎంత హాయిగా అనిపించిందో ఇప్పుడు చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది.

పాతది నలభై నాలుగు నిమిషాల్లో ముగించింది. కొత్తది నలభై ఆరు.

"డాక్టరు గారి పేషెంట్లు గట్టివాళ్లే" అంది ఆవిడ. ఆయన తల వంచుకున్నారు. వినయం అనుకున్నారందరూ. ఇంటికి నడుస్తూ ఇద్దరం కూరగాయల గురించి మాట్లాడుకున్నాం. ఆ రేకుల గురించి ఆయన నన్ను అడగలేదు, నేను ఆయన్ని అడగలేదు.

రెండు వారాల తరవాత కొత్తల్లుడు ఆ కంప్యూటర్‌ని సంకనేసుకుని మెట్లకింద గదికి వచ్చాడు. పంపిణీదారుకి ఫోన్ చేస్తే, ఆ ప్రాసెసర్‌లో లోపమేమీ ఉండదని కొట్టిపారేశాడట. "నాకేం అర్థం కావడంలేదు అన్నయ్యా. మీ చెయ్యి పడితే చాలు, అదే చెబుతుంది" అన్నాడు. గడ్డం గీసుకోలేదు. ఈయన "ఉంచి వెళ్లు" అన్నారు.

అతను మలుపు తిరిగేదాకా ఆగి, ఆయన కూలర్ విప్పారు. పొర ఉంది, దాని మీద "తీసివేయండి" అని ఎర్రటి అక్షరాలతో సహా. దాన్ని పీకి, రెండు వైపులా తుడిచి, బియ్యపుగింజంత పేస్టు పెట్టి మళ్లీ బిగించారు. అదే బొమ్మ నడిపించారు. పదకొండు నిమిషాలు. మళ్లీ నడిపించారు. మళ్లీ పదకొండు. ఫ్యాన్ చప్పుడు కూడా లేదు. బొమ్మలో మెట్ల నీడలు ఒక్కొక్కటే దిగుతుంటే ఆయన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని చూస్తూ ఉండిపోయారు.

"ఎంత బాగా చేస్తోందో చూడు" అన్నారు.

నా వైపు ఆయన అలా చూసి ఎన్నాళ్లయిందో. ఆ క్షణంలో ఆ కంప్యూటర్ మీద కూడా నాకు కుళ్లు పుట్టింది.

"పేస్టు ఎండిందని చెప్పి ఇచ్చేయండి. ఆఫీసువాళ్లకి చెప్పాల్సిన పనేముంది? వాళ్లు హాయిగానే ఉన్నారుగా" అన్నాను.

"ఉన్నారు. అక్కడ గీసేవాళ్లు బొమ్మకి ముప్పావుగంట గోడవైపు చూస్తూ కూర్చుంటున్నారు. నేను డాక్టర్ని కదా."

"ఆ పాతవి పోతే మిమ్మల్ని డాక్టరని ఇంకెవరు పిలుస్తారు?"

"అందుకే చెప్పలేకపోయాను ఆరోజు" అన్నారు. రేకుల సంగతి నాకూ తెలుసని ఆయనకి తెలుసని అప్పుడు అర్థమైంది.

మర్నాడు కొత్తల్లుణ్ని కూడా రమ్మని, ముగ్గురం ఆ ఆఫీసుకి వెళ్లాం. కంప్యూటర్ పెట్టి బొమ్మ నడిపించారు. పదకొండో నిమిషానికి ఆవిడ కళ్లజోడు తలమీద నుంచి కిందికి దించుకుంది.

"మరి ఆరోజు ఏమైంది?"

"కూలర్ కింద ప్లాస్టిక్ పొర ఉండిపోయిందండి. ఎవరైనా మరిచిపోతారు. నాకు ఆరోజే తెలిసింది, రేకుల మీద వేలు పెట్టగానే. చెప్పలేదు."

"ఎందుకు?"

"ఓర్వలేక."

కొత్తల్లుడు ఆ పొరని చేతిలోకి తీసుకుని, ఎర్ర అక్షరాలు చదువుకున్నాడు.

"రెండు వారాలు ఆ ప్రాసెసర్‌ని తిట్టాను అన్నయ్యా. పంపిణీదారుని తిట్టాను. మీ మరదల్ని ఊరికే తిట్టాను." తరవాత నా వైపు తిరిగాడు. "వదినా, నీకూ తెలుసా?"

నేను నోరు తెరిచేలోపే ఆయన అందుకున్నారు. "దానికేం తెలుసు. దుమ్ము దులపడం తెలుసు."

ఇరవై ఏళ్లు పక్కన కూర్చుని నేర్చుకున్న విద్యని ఆయన ఒక్కమాటతో లేదనేశారు, నన్ను తప్పించడానికి. నేను తప్పించుకున్నాను. తలూపాను కూడా.

"అంటే డాక్టరు గారూ, పేషెంటు ఊపిరాడక కొట్టుకుంటుంటే చూస్తూ కూర్చున్నారన్నమాట" అంది ఆవిడ.

"అవునండీ. పక్క ఆస్పత్రి పేషెంటని."

ఆవిడ నవ్వలేదు. నెల తిరక్కుండా పదకొండూ మారిపోయాయి. వాటి బాగోగులు కొత్తల్లుడి షాపుకే వెళ్లాయి. అతను ఏడు నెలలు మా గడప తొక్కలేదు. ఎనిమిదో నెలలో ఒక కూలర్ పట్టుకుని వచ్చి, "ఇది ఎలా బిగించాలో ఒకసారి చూపించు అన్నయ్యా" అన్నాడు. మీరు అనడం పోయి నువ్వు అనడం వచ్చింది. ఆయన చూపించారు. ఆ తరవాత ఆయనలో నేను చూసిన తేలికతనం, ఇస్త్రీ చొక్కా రోజుల్లో కూడా చూడలేదు. అన్నం తింటూ ఈల వేసేవారు. నేను ఎదురుగా కూర్చుని కుళ్లుకునేదాన్ని. ఒకే తప్పు ఇద్దరం చేశాం. ఆయన ఒక్కరే చెప్పేసి, ఒక్కరే బయటపడ్డారు. నన్ను కాపాడి లోపలే ఉంచేశారు.

ఆయన పోయి పది నెలలైంది. గుండె, ఒక్క పూటలో. మొన్న చెల్లెలింట్లో చిక్కుళ్లు ఒలుస్తూ చెప్పేశాను. ఆరోజు నేనూ వేలు పెట్టాననీ, నాకూ తెలుసనీ, నోరు మెదపలేదనీ. ఎందుకో కూడా చెప్పాను. గట్టు సంగతి దాచలేదు.

చెల్లి ఒలవడం ఆపలేదు.

"మా ఆయనతో అనకు" అంది. "బావని క్షమించడానికే ఏడు నెలలు పట్టింది. మళ్లీ మొదలుపెట్టాలంటే ఆయనకి ఓపిక లేదు."

"మరి నీకో?"

"నాకా?" అని గిన్నె నా వైపు జరిపింది. "ముందు ఇవి ఒలువు. నీ సగం అలాగే ఉంది."