నాలుగో సబ్‌వూఫర్

కిరందుల్ గని టౌన్‌షిప్‌లో దేముడికి సెలవు రోజంటే కిటికీ గడియ వేసి, పరదా దించి, పాట పెట్టి, ఏ మూల అదురు ఎంత ఉందో చేత్తో చూసుకుంటూ ముందుగదిలో మోకాళ్ల మీద పాకడమే. కొండ మీద డ్రిల్లు మిషను నడిపి నడిపి సన్నని చప్పుళ్లు అతని చెవికి అందడం మానేశాయి. అదురు మాత్రమే తెలుస్తుంది. లోతు మోత పుట్టించే పెద్ద స్పీకరు పెట్టె, సబ్‌వూఫర్, ఒక్కటే ఉంటే ఆ మోత, బేసు, ఒక మూల పొంగి, ఇంకో మూల చచ్చిపోతుందట. అందుకని రెండోది కొన్నాడు, మూడోది కొన్నాడు. నాలుగోది వచ్చి ముందుగదిలోంచి పెరట్లోకి వెళ్లే తలుపుకి అడ్డంగా కూర్చుంది. ఇప్పుడు బట్టలు ఆరెయ్యాలంటే అతని భార్య పార్వతమ్మ వీధి గుమ్మంలోంచి ఇల్లంతా చుట్టి వెళ్లాలి. అదీ పాట అయ్యాకే. మధ్యలో మనిషి లేస్తే గదిలో మోత మారిపోతుందని అతని గట్టి నమ్మకం. అందుకని ఆవిడ సోఫాలో కదలకుండా కూర్చుంటుంది.

ఆ మధ్యాహ్నం దేముడు గోడ వైపు తిరిగి, అరచేయి గచ్చుకి ఆనించి, కళ్లు మూసుకుని పాకుతుండగా కరెంటు పోయింది. పాట ఆగిపోయి, పెట్టెల మీది నీలం దీపాలు ఆరిపోయాయి. సరిగ్గా అప్పుడే కొండ మీద రోజూ మందు పెట్టి రాయి పేల్చే బ్లాస్టింగ్ అదురు నేలలోంచి వచ్చింది. షోకేసులో గ్లాసులు గలగలమన్నాయి. దేముడి ముఖం విప్పారింది.

"సూసేవా, ఇప్పుడు కుదిరింది. నాలుగు మూలలా ఒక్కలాగే ఉంది. నువ్వు కదలకు," అన్నాడు.

"కరెంటు పోయిందండి," అంది పార్వతమ్మ.

అతనికి వినపడలేదు. కళ్లు తెరవకుండా, చెయ్యి గచ్చు మీంచి తియ్యకుండా తరవాతి దెబ్బ కోసం కాచుకున్నాడు. పార్వతమ్మ కదలలేదు.