అహోబిలం పెళ్లిలో నా తెల్లచీర

"తాళి కట్టేటప్పుడు నువ్వు పిల్ల పక్కనే ఉండాల" అని సరోజ నా దగ్గర మాట తీసుకుంది. నంద్యాలలో మేమిద్దరం ఒకే బడిలో టీచర్లం. వాళ్లమ్మాయి నా చేతుల్లో పెరిగిన పిల్ల. పెళ్లి ఆదివారం, దిగువ అహోబిలం గుడి మంటపంలో. పొద్దున్నే చర్చిలో ఆరాధనకు తెల్లచీరలో వెళ్లి, విడిదిలో మార్చుకుందామని పచ్చ పట్టుచీర సంచిలో పెట్టుకున్నాను. చర్చి నుంచి నేరుగా బస్టాండుకు పరుగెత్తాను.

ఆళ్లగడ్డకు బస్సులు వస్తూనే ఉంటాయి, గంట పైచిలుకు ప్రయాణం. శిరివెళ్ల దాటాక దువ్వెన కోసం చూస్తే సంచి లేదు. చర్చి బెంచీ మీదే వదిలేశాను! మాకు ఆరాధనలో తెల్లచీరే గొప్ప మర్యాద. గుళ్లో పెళ్లికి అదే కట్టుకెళ్తే భర్త పోయినావిడ అనుకుంటారు, అశుభమంటారు. దగ్గర నిలబడితే వాళ్ల మనసు నొప్పించినట్టు, దూరంగా ఉంటే మాట తప్పినట్టు. కొత్తది కొందామంటే ఆళ్లగడ్డలో బట్టల అంగళ్లు ఇంకా తెరవలేదు.

అక్కడి నుంచి అహోబిలానికి బస్సులు తక్కువ. ఆటో మాట్లాడుకున్నాను, ఎక్కకముందే బేరమాడుకోండి. డ్రైవర్ అద్దంలో చూసి, "ఏందక్కా, పెండ్లికి పోతా మొగం అట్ల పెట్టినావ్?" అన్నాడు.

"చీర మర్చిపోయినానప్పా."

"కట్టుకోనే ఉండావు గదా!"

అంత దిగుల్లోనూ నవ్వొచ్చింది.

మంటపం నిండా పట్టుచీరలు. నేను స్తంభం చాటున నిలబడ్డాను. సరోజ నాకోసం అటూ ఇటూ చూస్తూనే ఉంది. ఇంతలో వాళ్ల అత్త, పసుపు గిన్నెతో పోతున్న ముసలావిడ, నన్ను పట్టేసింది.

"ఏందమ్మా, ఈడ దాంకోనుండావ్? పిల్ల నిన్నే అడుగుతాంది."

"తెల్లచీర గదవ్వా. చూసినోళ్లు ఏమనుకుంటారో..."

"ఏమనుకుంటారు? ఆడ చూడు."

పెళ్లికూతురిని తీసుకొస్తున్నారు. పసుపు పూసిన ఎర్రంచు తెల్లచీరలో! ఎన్ని పెళ్లిళ్లకు వెళ్లినా భోజనాల వేళకే చేరేదాన్ని, ముహూర్తానికి పెళ్లికూతురే తెల్లది కడుతుందని నాకేం తెలుసు?

"నీ దానికి పసుపు తక్కువ, అంతే" అంటూ అవ్వ నా కొంగు అంచుకు పసుపు రాసింది. "ఇంగ పో, బేగా!"

అమ్మయ్య! మేళం జోరందుకునేసరికి పిల్ల పక్కనే ఉన్నాను. అది నా వేళ్లు గట్టిగా పట్టుకుంది.

సరోజకు ఒక్క ఫోన్ చేసి అడిగి ఉంటే, దారంతా ఆ దిగులు ఉండేది కాదు. మనది కాని గుడికి వెళ్లేటప్పుడు ఏం కట్టుకోవాలో అడగడానికి మొహమాటపడ్డాను. మీరు పడకండి. గుడికైనా గురుద్వారాకైనా వెడల్పాటి రంగు శాలువా ఒకటి తీసుకెళ్లండి. గుళ్లో భుజాలకు, గురుద్వారాలో తలకు పనికొస్తుంది. సంచిలో మాత్రం పెట్టొద్దు, ఒంటి మీదే ఉంచుకోండి.

నా కొంగు మీది పసుపు ఎంత ఉతికినా పోలేదు. మొన్న ఆదివారం ఆరాధనకు ఆ చీరే కట్టుకెళ్లాను.