తగ్గిపోవాల్సిన రాబడి

మా మేడం గారు నిద్రలోనే పోయారని ఆవిడ తమ్ముడు పొద్దున్నే ఫోన్ చేసి చెప్పారు. అప్పటికి నేను పంజాగుట్టలో, ఆవిడ నడిపిన చిన్న పరిశోధన సంస్థకు తాళం తీస్తున్నాను. లోపలికి వెళ్ళి ఆవిడ కుర్చీ మీది దుమ్ము తుడిచాను. ప్రభుత్వాలకు రేపు ఎంత రాబడి వస్తుందో అంచనా కట్టడం ఆవిడ వృత్తి. ఆ పనిలో అంత ధైర్యం, అంత దయ ఉన్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

అమీర్‌పేట మైత్రీవనంలోని ఒక కోచింగ్ సెంటర్లో ఆవిడ ఆర్థికశాస్త్రం చెప్పే రోజుల్లో నేను శిష్యురాలిని, తర్వాత ఉద్యోగిని. "ఒకే అంకె చెబితే అది జ్యోతిష్యం. ఇంత నుంచి ఇంత లోపు అని చెబితే అంచనా" అనేవారు.

కొన్నేళ్ళ కిందట ఒక ప్రభుత్వ శాఖ మాకో పని ఇచ్చింది. బొగ్గు, పెట్రోలు, గ్యాసు కాల్చినప్పుడు వచ్చే పొగ మీద కార్బన్ పన్ను వేస్తే, ఇరవై ఏళ్ళలో ఖజానాకు ఎంత వస్తుందో చెప్పాలి. ఇప్పటి వాడకాన్ని పన్ను రేటుతో గుణిస్తే సరిపోతుందనుకున్నాం మేమంతా.

"ధర పెరిగాక జనం ఏం చేస్తారో అడిగారా?" అంటూ మేడం నన్ను రోడ్డు మీదికి తీసుకెళ్ళారు. అమీర్‌పేటలో ఆగిన ఆటో డ్రైవరు ఒకాయన్ని అడిగారు: "గ్యాసు రేటు బాగా పెరిగితే ఏం చేస్తారు భాయ్?"

"కొన్ని నెలలు జూస్త మేడం. జర గట్టిగ తగిల్తే కరెంటు ఆటో దీస్కుంట. ఇంకేం జేస్త?"

మేడం ముఖం వెలిగిపోయింది. "చూశావా! వీళ్ళు మారాలనే కదా పన్ను వేసేది!" అలా ఎంతోమందిని అడిగాక మా గ్రాఫులో రాబడి గీత కొన్నేళ్ళు పైకి వెళ్ళి, జనం మారేకొద్దీ కిందికి వంగింది.

ఆ శాఖ సమావేశంలో పెద్ద అధికారి ముఖం చిట్లించారు. ఆ రాబడి చూపించి ముసలివాళ్ళకు కొత్త పింఛను ప్రకటించాలని వాళ్ళ ఆలోచన.

"ఏంది మేడం, గీత కిందికి పోతున్నది? జర పైకి జూపియ్యుండ్రి. లేకుంటే వేరేటోళ్ళకు ఇస్తం పని."

ఆ పని పోతే మా సంస్థ మూతపడేది. అది ఆవిడకు తెలుసు. అయినా గొంతు పెంచలేదు.

"ఈ పన్ను గెలిస్తే రాబడి తగ్గాలండీ. తగ్గకపోతే పొగ తగ్గలేదన్నమాట. దీన్ని నమ్మి ముసలివాళ్ళకి జీవితాంతం ఇస్తామని మాటిస్తే, రేపు ఆ మాట ఎవరు నిలబెడతారు? వచ్చినన్నాళ్ళు దీంతో బస్సులు కొనండి. పింఛనుకి తరగని దారి వెతకండి."

అధికారి గ్రాఫును తనవైపు తిప్పుకుని, వంగిన గీత మీద వేలు పెట్టారు. చివరికి, "మా అవ్వ సుత పింఛను కోసమే ఎదురు జూసేది. గిట్లనే ఉండనియ్యుండ్రి మేడం" అన్నారు.

నివేదిక మార్పు లేకుండా వెళ్ళింది. పన్ను ఇంకా రాలేదు. పింఛన్లను మాత్రం ఆ రాబడితో ముడిపెట్టలేదని తర్వాత తెలిసింది.

సమావేశం అయిన రోజు సాయంత్రం అమీర్‌పేట మెట్రో స్టేషన్లో అడిగాను: "మన అంచనా తప్పితే, మేడం?"

"అప్పటికి నేనుండను. మనం చెప్పినదాని కన్నా తక్కువ వస్తే, నా వంతు కూడా నువ్వే సంతోషించు."

తన లెక్క ఓడిపోవాలని అంత నిండుగా కోరుకున్నారు ఆవిడ. రైలు వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి. ఆవిడ ఎక్కలేదు. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, కింద రోడ్డు నిండా పొగలో కదులుతున్న బండ్లను చూస్తూ, కళ్ళతో నవ్వుతూ అలాగే నిలబడ్డారు.