పండు పక్క సీటు

పండూ,

నిన్న మధ్యాహ్నం నీ దోస్తు మొయిన్ ఫోన్ చేసి నువ్వు ఇగ లేవని చెప్తుంటే, నేను "విమానం కూలిందా బేటా" అని అడిగిన.

"విమానం ఏందమ్మా" అని వాడు ఇంకింత ఏడ్సిండు.

ఎందుకు గట్ల అడిగిననో మనోళ్ళకు ఎరుక కావాలెనని రాస్తున్న. నేను ఐదో తరగతి దాక సదువుకున్నదాన్ని. తప్పులుంటే సర్దుకోండ్రి.

మా పండుకు విమానం అంటే భయం.

గుమ్మడిదల దిక్కు మందు గోలీలు చేసే కంపెనీల మెషీన్లు రిపేర్ చేసేటోడు. ఎంత పెద్ద మెషీన్ అయినా ఇప్పి బిగించేటోడు. అసుంటోన్ని కంపెనీ ట్రైనింగ్ కని అహ్మదాబాద్ పొమ్మని విమానం టికెట్ చేతిల పెడితే, ఇగ అన్నం తింటె ఒట్టు.

"మెషీన్ అన్నంక ఎప్పుడో ఒకప్పుడు ఆగుతదే అమ్మా. గాలిల ఆగితే రిపేర్ కు ఎవడొస్తడు" అన్నడు.

చేతి సంచిల జొన్న రొట్టెలు, మామిడికాయ తొక్కు పెట్టి పంపిన. రొట్టెలు బస్సులనే అయిపోయినయంట. తొక్కును ఎయిర్ పోర్టుల ఆపేసిండ్రు. నా తొక్కు సీసాను తీసి కత్తెర్లు, చాకుల పక్కన పెట్టిండ్రంట.

మా ఇంట్ల ఎవరు తొవ్వ పట్టినా నేను నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్త. ఆమెన్ అన్నంకనే గడప దాటాలె. ఇంట్ల చేసింది సాలక, సీట్ల కూసున్నంక మళ్ళ ఫోన్ చేసిండు. నేను చేస్తనే ఉన్న, ఎయిర్ హోస్టెస్ వచ్చి స్విచ్ ఆఫ్ అన్నది.

ఆమెన్ ఇంక రాలే. ఫోన్ కట్.

పిలగానికి చెమటలు.

పక్క సీట్ల ఎవరో పెద్దామె, బొట్టు పెట్టుకున్నామె, ఏమైంది బేటా అని హిందీల అడిగిందంట. వీడు చెప్పిండు. ఆమె వీని చెయ్యి పట్టుకొని, నీ ప్రార్థన నాకు రాదు, ఆఖరి మాట ఏందో చెప్పు, అది నేనంట అన్నదంట. అన్నది కూడ. దిగేదాక చెయ్యి ఇడవలే. తన డబ్బాల రొట్టె తుంచి తినిపిచ్చింది.

ఆమె పేరు కూడ అడగలే మావోడు. "విమానం అమ్మ" అని తనే పేరు పెట్టుకున్నడు.

నేనెంత కుళ్ళుకున్ననో నాకే ఎరుక. నా తొక్కు పాయె, ఆమె రొట్టె కడుపుల పడె. ప్రార్థన నాది, ఆమెన్ ఆమెది. చుట్టాలు వస్తే ఆమె ముచ్చటే, చర్చిల యూత్ మీటింగ్ అయితే ఆమె ముచ్చటే. ఒకనాడు అడిగేసిన, నేను అమ్మనా ఆమె అమ్మనా అని.

నవ్విండు.

"నువ్వు ఇంట్ల ఉంటివి గదనే. పక్క సీట్ల ఆమె ఉండె."

ఆ మాట ముల్లు లెక్క దిగింది. ఇంక ఉన్నది.

అహ్మదాబాద్ నుంచి వాపస్ బస్సుల వచ్చిండు. తర్వాత సెకండ్ హ్యాండ్ కారు కొన్నడు. ఇగ కంపెనీ ఏడికి పొమ్మన్నా పటాన్‌చెరు కాడ ముంబై రోడ్డు ఎక్కుడే. షోలాపూర్, పుణె, సూరత్. రెండు రోజుల తొవ్వ అయినా సంబురమే.

పక్క సీట్ల మొయిన్. ఇద్దరిది ఒకటే డిపార్ట్ మెంట్.

ఏ దాబాల పప్పు మంచిగుంటదో వానికే ఎరుక. ఏ పాట పెడితే నా కొడుకు స్టీరింగ్ మీద తాళం కొడ్తడో వానికే ఎరుక. నా కొడుకు చాయ్ ల చక్కెర బంద్ చేసిండని నాకు మొయిన్ చెప్పాల్సొచ్చింది. ఆ రోజు వానికి చాయ్ పొయ్యలే నేను.

అడగంది అమ్మైనా పెట్టదంటరు. అమ్మ కూడ అడగాలెనని నాకు తోచలే. నన్ను ఒక్కపారి ముందర కూసోపెట్టుకొని తీస్కపోరా అంటే కాదంటుండెనా?

పండూ, నిన్న డ్యూటీ టైంల ఫోన్ చేసినవ్. "అమ్మా, జెర ప్రార్థన చెయ్యి" అన్నవ్. గంతే.

నువ్వు ఫోన్ల ప్రార్థన అడిగింది ఆ విమానంలనే కదరా. మళ్ళ ఎక్కిచ్చిండ్రు కావచ్చు అనుకున్న. ప్రభువా రెక్కలు కాయి, ఇంజిన్ కాయి, నడిపేటోన్ని కాయి అని చేస్తున్న. ఆమెన్ అనకముందే కట్ అయింది. స్విచ్ ఆఫ్ అన్నరేమో అనుకొని బియ్యం కడుక్కుంట కూసున్న.

నీకు ఛాతిల నొప్పి అంట. మొయిన్ నీ కారులనే ఆసుపత్రికి తీస్కపోతున్నడంట.

ఎప్పుడు నడిపేటోనివి, నిన్న నువ్వు పక్క సీట్ల కూసున్నవంట.

ఈ రోజు భూస్థాపన అయినంక మొయిన్ చెప్పిండు. ఫోన్ నీ చేతిల నుంచి జారి పడ్డదంట. నువ్వు వాని దిక్కు చూసినవంట. విమానం అమ్మ ముచ్చట ఎన్ని దాబాలల్ల విన్నడో, వానికి సమజైంది. ఒక చెయ్యి స్టీరింగ్ మీద, ఒక చెయ్యి నీ చేతిల.

"ఆమీన్ అన్న అమ్మా. మా ఇంట్ల కూడ గదే అంటం" అన్నడు.

అప్పుడు కండ్లు మూసుకున్నవంట.

వాని చెయ్యి పట్టుకొని చూసిన. మామూలు చెయ్యే. గోర్లల్ల గ్రీజు. ఎంత కుళ్ళొచ్చిందో చెప్తే పాపం తగుల్తది. మళ్ళ నేను కాకపోతిని. గాని ఆ చెయ్యి ఇడవబుద్ధి కాలే.

ప్రభువు దగ్గరికి పోయిండు, ఏడ్వకు అంటున్నరు అందరు. నాకు ఆయన మీద కూడ కుళ్ళే. ఇగ పక్క సీటు ఆయనదాయె.

పండూ, భయపడకు. నిమ్మలంగ పో బిడ్డా. రెక్కలకని చేసిన ప్రార్థన ఉత్తగ పోదు.

ఆమెన్.

మొయిన్ బేటా, నిన్నటి సంది నువ్వు ఏం ముట్టలేదని మీ అమ్మ చెప్పింది. ఇంటికి రా, చాయ్ పోస్త. ఇది చదివేటోళ్ళందరు కూడ, కడుపునిండ అన్నం తినుండ్రి.