మూడో ముడి రేపటికి

ముందు శుభవార్త చెప్పేస్తాను, లేకపోతే నోరు ఆగదు. నేను మాస్టర్స్ పాసయ్యాను! మా ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషిని నేనే. పట్టా అందుకున్న వారానికే ఇక్కడ, అమెరికాలోని అరోరాలో, నా పెళ్లి కూడా అయింది. అయితే నా మనసులో తిరుగుతున్నది పెళ్లిరోజు కాదు, దాని ముందురోజు.

నేను చేసుకున్నది అమెరికన్‌ని. వాళ్లలో పెళ్లికి ముందురోజు రిహార్సల్ ఉంటుంది. ఎవరు ఎటునుంచి నడవాలి, ఎక్కడ నిలబడాలి అన్నీ ఒకసారి చేసి చూసుకుంటారు. తర్వాత రెండు కుటుంబాలూ కలిసి డిన్నర్ చేస్తాయి. అక్కడ పెళ్లికూతురి తండ్రి లేచి నాలుగు మాటలు మాట్లాడాలి.

ప్లానంతా నేనే టైప్ చేశాను. తండ్రి మాట్లాడే చోట మాత్రం మా ఎదురింటి అంకుల్ పేరు పెట్టాను. ఆయనది సాఫ్ట్‌వేర్, ఇంగ్లీషులో జోకులేసి నవ్వించగలరు. మా బాపు టైలర్. ఇంగ్లీషు రాదు. అంతమంది ముందు ఆయన్ని ఇబ్బంది పెట్టడమెందుకని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. బాపుకి మాత్రం చెప్పలేదు.

గుడి హాల్లో రిహార్సల్ మొదలవగానే అమ్మ ఒక షరతు పెట్టింది.

"అన్నీ ప్రాక్టీస్ చేసుకోండ్రి. పుస్తె కట్టుడు మాత్రం వద్దు. ఇయ్యాలనే కడితే రేపేం కడ్తడు?"

కానీ కట్టాల్సినవాడికి కంగారు. పట్టా రోజు గౌను మీద వేసుకున్న బంగారు రంగు తాడు ఇంకా నా బ్యాగులోనే ఉంది, కనిపించినవాళ్లందరికీ చూపించడానికి. దాన్ని తీసుకుని కుర్చీ వీపుకు కట్టి చూశాడు. అచ్చం బూటు లేసులా పువ్వు ముడి వేశాడు.

అప్పటిదాకా ఎక్కడ నిలబడాలో తెలియక చేతులు వెనక్కి కట్టుకుని గోడ పక్కన ఉన్న బాపు గబగబా వచ్చాడు.

"గట్ల కాదు అల్లుడా! లాగితే ఊడొస్తది." అతని వేళ్లు పట్టుకున్నాడు. "ఇట్ల తిప్పు. కిందికెళ్లి తియ్. ఆ... ఇప్పుడు గట్టిగ గుంజు."

నేను ఇంగ్లీషులో చెప్పబోయాను. ఇద్దరూ నావైపు చూడనే లేదు. ఒక ముడి పడింది. రెండోదీ పడింది.

"ఆగుండ్రి! మూడోది రేపు," అని అమ్మ అరిచింది.

"కుర్చీకే గదనే!"

"కుర్చీకైనా సరే."

"కుర్చీని చేసుకుంటడా ఏంది!"

మా వాళ్లంతా నవ్వారు. సంగతి తెలియకపోయినా వాళ్ల వాళ్లూ నవ్వారు.

రెస్టారెంట్‌లో ప్రతి ప్లేటు మీదా నా ప్లాన్ కాగితం పెట్టించాను. కుట్టాల్సిన గుడ్డలకు కస్టమర్ల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో రాసి గుచ్చడం బాపుకి అలవాటు. కూడబలుక్కుని పేర్లు చదవగలడు. ఆ సంగతే నేను మరిచిపోయాను.

"బిడ్డా, ఫాదర్ అని ఉన్నకాడ సార్ పేరుందేంది?"

"నీకు ఇబ్బంది అవుతుందని, బాపు..."

ఆయన కాగితాన్ని అంచుకు అంచు కలిపి, గోటితో గీసి మడిచాడు. మా దుకాణంలో గుడ్డ మడిచినట్టే.

"సార్ మంచిగ మాట్లాడ్తడు తియ్."

తిట్టినా బాగుండేది. నేను బళ్లో చదివే రోజుల్లో ఆయన మిషన్ పక్కనే కూర్చుని ఇంగ్లీషు పాఠం పైకి చదివేదాన్ని. ఒక్క ముక్కా అర్థం కాకపోయినా పెడల్ ఆపి వినేవాడు. "మళ్ల సదువు," అనేవాడు. తీరా ఆయన మాట్లాడే వంతు వచ్చేసరికి, ఆ చదువుతోనే ఆయన పేరు తీసేశాను.

నేను అంకుల్ దగ్గరికి వెళ్లి చెవిలో చెప్పాను. "నేనూ అదే అనుకుంటున్నానమ్మా. మీ నాన్నగారు ఉండగా నేనేంటి?" అన్నారాయన.

తిరిగొచ్చి బాపు పక్కన నిలబడ్డాను.

"నువ్వు తెలుగులో మాట్లాడు. నేను వీళ్లకి చెప్తా."

"ఏం మాట్లాడాలె?"

"నీ ఇష్టం."

బాపు లేచి చొక్కా కిందికి లాగి సరిచేసుకున్నాడు.

"నేను బట్టలు కుడ్త. పెండ్లి బట్టలు మస్తు కుట్టిన. కొలత ఎంతున్నా కుట్టు లోపల ఇంత గుడ్డ మడిచి ఉంచుత. మనిషి ఎప్పటికీ ఒక్క తీరు ఉండడు గద. రేపు బిగుతైతే ఇప్పుకోవచ్చు. మీరిద్దరు గూడ గట్ల కొంచెం జాగ ఉంచుకోండ్రి."

అంతే. కూర్చోబోయాడు.

నేను చెప్పడం మొదలుపెట్టి సగంలో ఆగిపోయాను. కుట్టు లోపల వదిలే ఆ గుడ్డను ఇంగ్లీషులో ఏమంటారు? ఇంత చదివాను, ఆ మాట నాకు తెలియదు. బాపు మడత చూపిస్తున్నట్టు రెండు వేళ్లు దగ్గరగా పట్టాడు. బల్ల అవతలి నుంచి మా అత్తగారు "సీమ్ అలవెన్స్" అని ఆ మాట అందించింది. ఆవిడ కూడా ఇంట్లో మిషన్ మీద కుడుతుందట. భోజనాలయ్యేదాకా ఇద్దరూ ఆవిడ జాకెట్ అంచు తిరగేసి చూసుకుంటూ, చెరో భాషలో మాట్లాడుకుంటూనే ఉన్నారు. నన్ను పిలవలేదు.

మర్నాడు మూడో ముడి పడేటప్పుడు అందరూ అక్షింతలు వేస్తూ మా ముఖాల వైపు చూస్తున్నారు. బాపు ఒక్కడే నా వెనక్కి వంగి ముడిని చూశాడు.

"ఊడదు," అన్నాడు.