ఇనుప కమ్మీ పక్కన శుక్రుడు

లద్దాఖ్‌లో మా పోస్టు పదిహేడువేల అడుగుల ఎత్తున ఉంది. చేరిన రోజు మంచు లేదు, గాలి మాత్రం కోసేసింది. కెప్టెన్ సాబ్ మొదటి పాఠం తుపాకీ గురించి కాదు, ఆకాశం గురించి. మాకు ముందున్న దళం సాయంత్రపు శుక్రగ్రహాన్ని డ్రోన్ అనుకొని రోజూ రిపోర్టు చేసిందట.

"నక్షత్రం మిణుకుతుంది. గ్రహం మిణకదు. ఉపగ్రహం ఆకాశం దాటిపోతుంది. ఉల్క రాలి ఆరిపోతుంది. అనుమానముంటే కమ్మీ పక్కన పెట్టి చూడండి."

కమ్మీ అంటే బంకరు ముందు ముళ్లకంచెకు పాతిన ఇనుప కడ్డీ. ఒక కన్ను మూసి, వెలుగును దాని అంచుకు చేర్చి పది నిమిషాలు చూడాలి. మెల్లగా పడమటి కొండవైపు దిగితే గ్రహమే.

వైర్‌లెస్ ఆపరేటరుది తిరువళ్లూరు, నాది తిరుత్తణి. ఇద్దరం తమిళంలో చదువుకున్న తెలుగువాళ్లం. ఎవరు వెలుగని అరిచినా లోపలినుంచి వాడి గొంతు వినబడేది: "కమ్మీ పక్కన పెట్టినావా, ఊరికే అరస్తాండావా?"

మూడో వారంలో వాడికి దగ్గు పట్టుకుంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. "కిందికి దించాల్సిందే, వేరే మందు లేదు" అన్నాడు నర్సింగ్ అసిస్టెంట్. దారి మంచుచరియల కింద పూడిపోయి ఉంది. వాడి వైర్‌లెస్ సెట్టు నేను పట్టుకున్నాను.

"హెలికాప్టర్ కావాలి. ఓవర్."

"లోయంతా మబ్బు. తెరిపి ఇస్తే పంపుతాం. ఓవర్."

రెండు రోజులు అదే జవాబు. సెట్టును బండకేసి కొట్టాలనిపించింది. రెండో సాయంత్రం చివరి ఆక్సిజన్ సిలిండర్ బిగించాం. అప్పుడు పడమట కాస్త తెరిపిచ్చింది. వాడు తలుపులోంచి చూశాడు.

"అన్నా, వెలుగు! హెలికాప్టర్ వస్తాండాది. కమ్మీ పక్కన పెట్టి చూడన్నా, సీక్రం."

అది మిణకడం లేదు. నాకు తెలిసిపోయింది. అయినా బయటికెళ్లి ఒక కన్ను మూసి నిలబడ్డాను. ఈ ఒక్కసారికి కెప్టెన్ సాబ్ పాఠం తప్పు కావాలని కోరుకున్నాను.

"కదిలిందా?"

"కదిలిందిరా."

"మన పక్కకు వస్తాందా, దిగతాందా?"

నేను మూసిన కన్ను తెరవకుండా కమ్మీవైపే నిలబడ్డాను. వాడు దుప్పటి పైకి లాక్కున్నాడు.

"సరిలే అన్నా. తలుపెయ్యి, చలి."

హెలికాప్టర్ తెల్లారి వచ్చింది. ముఖం కప్పి ఎక్కించాం.

సెలవు దొరకగానే తిరుత్తణికి టికెట్టు తీసుకొని తిరువళ్లూరులోనే దిగాను. వాడి భార్య వాళ్ల గాజుల అంగడిలో ఉంది. పొద్దు గూకుతోంది.

"కడాసిలో ఏం మాట్లాడినాడన్నా?"

దాచకుండా చెప్పాను. ఆమె అంగడి దిగి రోడ్డు మీదికొచ్చింది. ఎదురు మేడ మీద శుక్రుడున్నాడు. ఒక కన్ను మూసి, కరెంటు స్తంభం అంచుకు వెలుగును చేర్చి నిలబడింది. బస్సులు హారన్ కొడుతున్నా కదల్లేదు. ఆ ముఖం ఇప్పటికీ నా కళ్లముందు నుంచి పోలేదు.

"దిగతాందన్నా" అంది.