లేచి నిలబడి మాట్లాడిన డాక్టరమ్మ

తిరుపతి బస్టాండు దగ్గర మా ఫోను బూత్‌కి ఏటా మార్చిలో ఒక డాక్టరమ్మ వచ్చేది. అమెరికా పరీక్షలన్నీ పాసైనా, రెసిడెన్సీ అనే ఆసుపత్రి శిక్షణకు అక్కడి ఏ ఆసుపత్రీ ఆమెను ఎంచుకోలేదు. ఎంపికలు ముగిశాక ఎక్కడైనా సీట్లు మిగిలితే, ముందుగా ఫోన్ చేసినవాళ్ళకు దొరకొచ్చు. అందుకే అక్కడ తెల్లారే వేళకు, మన సాయంత్రాల్లో, ఆపకుండా డయల్ చేసేది.

అవతల ఎవరైనా ఫోన్ ఎత్తగానే, వార్డులోకి పెద్ద డాక్టరు వచ్చినట్టు స్టూలు మీంచి లేచి నిలబడేది.

"వాళ్ళకు కనపడదు గదా, కూసోమ్మా" అన్నాను ఒకసారి.

"కూసుంటే నాకు మాట రాదన్నా" అంది.

మూడో ఏడు ఒక ఆసుపత్రి ఆవిడ లైన్లో ఉండమంది. డాక్టరమ్మ చాలాసేపు అలాగే నిలబడింది. ఆఖరికి "థాంక్యూ మేడం" అని రిసీవర్ మెల్లగా పెట్టేసింది. ఆ సీటు అప్పుడే ఎవరికో ఇచ్చేశారట.

ఏర్పేడు నుంచి తోడొచ్చిన వాళ్ళ నాయన బయట ఎదురుచూస్తున్నాడు.

"ఏమన్నారు పాపా?"

"లేదంట నాయనా. అయినా ఆయమ్మ నా పేరు సరిగ్గా పలికింది."

ఆయన ఆమె చేతిలోని సంచి అందుకున్నాడు.

"అయితే మంచి మనిషే" అన్నాడు.

అంతవరకు కన్నీరు పెట్టని ఆమె, ఆయన భుజం పట్టుకుని ఏడ్చింది. మా బూత్‌కి మళ్ళీ రాలేదు.